నరసాపురంలో కలప ఓడల జాడ ఏమైనా మిగిలిందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

రైలుకిటికీ:
అందరికీ నమస్కారమండి. కార్తీకంలో రెండో శనివారం కలిసొచ్చేట్టు చూసుకుని, నేనూ మా నాన్నా మూడు రోజులు నరసాపురం వెళ్దామనుకుంటున్నాం. గోదావరి నరసాపురం అండి, మెదక్ జిల్లా నర్సాపూర్ కాదు. ఆఫీసులో ఎవరికి చెప్పినా "ఓ, అడవి దగ్గరే కదా, బైక్ మీద పోయిరావచ్చు" అంటున్నారు.

నాన్నకి డెబ్బై రెండు. ఆయన చిన్నప్పుడు వాళ్ల తాతగారు "నరసాపురంలో ఓడలు కట్టేవారురా, పైనుంచి టేకు తెప్పలు దిగేవి" అని చెప్పేవారట. ఆ చోటు ఒకసారి చూడాలని ఆయన కోరిక. నెట్‌లో వెతికితే అంతర్వేది, పేరుపాలెం బీచ్, పులస తప్ప ఇంకేం రావడం లేదు. పాత షిప్‌యార్డో, మ్యూజియమో, కనీసం పాత కలప గోదామో ఏదైనా ఉందా? ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు.

వశిష్ఠగట్టు:
మా ఊరేనండి. ముందే నిజం చెప్పేస్తా, వచ్చాక తిట్టుకోకూడదు. మ్యూజియం లేదు, షిప్‌యార్డూ లేదు. ఇక్కడ ఓడలు కట్టారని చెప్పే బోర్డు ఇన్నేళ్లలో నా కంటబడలేదు. ఊరంటే ఇప్పుడు వరి, కొబ్బరి, రొయ్యల చెరువులు, లేసు. వలంధర రేవులో మెట్ల మీద కూర్చుని అవతలి ఒడ్డు చూస్తుంటే బాగుంటుంది, మోకాళ్లకీ శ్రమ ఉండదు. ఓడలు మాత్రం ఊహించుకోవాల్సిందే.

కార్తీకంలో వస్తున్నారు కాబట్టి ఇంకో మాట. పులస వరద నీటికి ఎదురీదుకుంటూ వచ్చే చేప, దాని కాలం శ్రావణ భాద్రపదాలతో సరి. కార్తీకంలో ఎవరైనా పులస అని చెప్పి పెడితే అది పులస కాదు.

రెండోచూపు:
తప్పుగా అనుకోకండి గానీ, ఏటి ఒడ్డున ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి తాతగారొకరు ఉంటారు. టేకు అడవి ఎక్కడ, నరసాపురం ఎక్కడ? డెల్టాలో కొబ్బరి, తాడి తప్ప చెప్పుకోదగ్గ మాను ఏముంది? నాటు పడవలు కట్టి ఉంటారు. మూడు తరాలు దాటేసరికి అవే ఓడలయ్యాయి.

పాతకాగితాలు:
రెండోచూపు గారూ, ఈసారి తాతగారే గెలుస్తారు.

17వ శతాబ్దపు యూరోపియన్ల రాతల్లో ఈ ఊరు "నర్సాపూర్ పేట". అప్పట్లో గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడి. మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు, డచ్చివాళ్లు దిగారు కానీ అక్కడ తీరం మెరక, పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకోవాల్సిందే. అడుగు పాడైతే ఓడను పక్కకు వాల్చి బాగుచేయాలి. దానికి లోతైన ఏరు కావాలి, చెక్క కావాలి, పనివాళ్లు కావాలి. ఆ మూడూ నరసాపురంలో దొరికేవి. గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడను 1614లో అలాగే మరమ్మతుకు ఈ ఏట్లోకి తెచ్చారు. తర్వాత 1669-79 మధ్య ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు ఇక్కడి కలపనీ ఇనుమునీ వడ్రంగులనీ తెగ మెచ్చుకున్నాడు. ఇంగ్లీషు వర్తకులు ఇక్కడే ఓడలు కట్టించుకుంటున్నారని రాశాడు. నాటు పడవల గురించి అంత రాయరు కదా.

కలప ఎక్కడిదంటారా, గోదావరి తెచ్చి పెట్టింది. అడవి పైన భద్రాచలం, శబరి, ఇంద్రావతి, ప్రాణహిత వైపు. నరికే చోటుకీ ఓడ కట్టే చోటుకీ మధ్య నీళ్లుంటే చాలు, బండి దారి అక్కర్లేదు.

రైలుకిటికీ గారూ, మీరు వెతుకుతున్నది అక్కడే ఉంది కానీ బోర్డు మీద లేదు, ఒక పేరులో ఉంది. అవతలి ఒడ్డున సఖినేటిపల్లికి ఏరు దాటించే పంటు ఎక్కే రేవు పేరు కనుక్కోండి.

వశిష్ఠగట్టు:
మాధవాయపాలెం రేవు. దానికీ ఓడలకీ ఏమిటండి సంబంధం?

పాతకాగితాలు:
ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో మాధవాయపాలెమే "మడపొల్లం". 17వ శతాబ్దంలో వాళ్ల కోఠీ, అంటే వర్తక స్థావరం, అక్కడే ఉండేది. బట్టల వ్యాపారం, ఓడల పని రెండూ జరిగేవి. ఆ చుట్టుపక్కల నేసిన తెల్లటి మెత్తని నూలు బట్ట ఈ ఊరి పేరుతోనే యూరప్ వెళ్లింది. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఆ రకం బట్టను "మదపొలం" అంటారు, ఫ్రెంచి నిఘంటువుల్లో ఉంది. మన పంటు రేవు పేరు కట్టుకుని పరాయి దేశంలో చొక్కాలూ దుప్పట్లూ తిరుగుతున్నాయన్నమాట. పాత పాలెం చాలావరకు గోదారి కోతకు పోయింది. కోఠీ గోడ చూపించమంటే ఎవరూ చూపించలేరు.

వశిష్ఠగట్టు:
నలభై ఏళ్లుగా ఆ రేవు దాటుతున్నా. ఆయ్, సిగ్గుగా ఉందండి.

బాడిస:
మాది పడవల వడ్రం చేసిన ఇల్లు. నేను చేయలేదు, చదువు పేరు చెప్పి తప్పించుకుని చెన్నైలో పడ్డాను. మా తాత పని చూస్తూ పెరిగాను కాబట్టి రెండు ముక్కలు.

టేకును నరికిన వెంటనే నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. పచ్చి మానులో నీరు అంత ఉంటుంది. అందుకని నరకడానికి రెండు మూడేళ్ల ముందే మొదట్లో చుట్టూ బెరడూ పైచెక్కా తొలిచి గాడి పెట్టి వదిలేసేవారు. చెట్టు నిలువునా ఎండిపోయేది. అప్పుడు నరికితే తేలుతుంది. తొందరపడి పచ్చిది దింపాలంటే రెండు వైపులా వెదురు మోపులు కట్టాలి, మానును వెదురు మోస్తుంది. తెప్ప మీద మనుషులే ఉండి, అక్కడే వండుకు తింటూ దిగేవారట. రాజమండ్రికి వెదురు తెప్పలు రావడం మా నాన్న తరంవాళ్లు కళ్లారా చూశారు. టేకు సంగతి తాతలు చెప్పగా విన్నదే.

రెండోచూపు:
బాగుంది, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. పూర్తిగా కాదు, ముప్పావు వంతు. అంత గొప్ప వ్యాపారం ఎక్కడికి పోయిందో కూడా చెప్పండి. అడవి అయిపోయిందా?

పాతకాగితాలు:
అడవి కంటే ముందు ఇసుక. ఏరు సముద్రంలో కలిసే చోట మేట వేస్తూ పోయింది. ఓడల సైజు పెరిగింది, మొగ దగ్గర లోతు తగ్గింది. చిన్న ఓడలు ఇంకొన్నాళ్లు ఆడాయి. తర్వాత ఇనుప ఓడలు, ఆవిరి వచ్చాయి, చెక్క ఓడ అడిగేవాడే లేకపోయాడు. రేవు వ్యాపారం కాకినాడకు మళ్లింది.

ఈలోగా కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. కాలువలొచ్చాయి. ఊళ్లో డబ్బున్నవాళ్ల చూపు ఏటి మీంచి పొలం మీదికి తిరిగింది. ఇది నా అనుమానమే, రాసిపెట్టుకోకండి. కాకపోతే ఓడల ఊరు వరి ఊరైన తీరు చూస్తే నాకు అలాగే తోస్తుంది. అదే నీరు, కిందికి తోసుకుపోయే పని మానేసి పక్కకి పారింది.

క్రోషేసూది:
అందరూ ఓడల మీదే పడ్డారు. ఇక్కడ ఇంటింటా ఆడవాళ్లు అల్లే లేసు సంగతి కూడా చెప్పండయ్యా. మిషనరీలు నేర్పిన పని, 19వ శతాబ్దం నుంచి నడుస్తోంది. 2024లో జీఐ, అంటే ఈ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది. ఓడలో మన బట్ట వెళ్లింది, ఓడలో వచ్చినవాళ్లు సూది ఇచ్చిపోయారు. మా అమ్మ మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుందంటే సాయంత్రం దీపాల వేళ దాకా చెయ్యి ఆగేది కాదు. కూలి మాత్రం అడక్కండి, టోకువాడు తీసుకున్నది పోగా మిగిలేది దారం పోగంత.

రైలుకిటికీ గారూ, ఏ వీధిలోనైనా అరుగు మీద అల్లుతున్నవాళ్లు కనబడితే ఆగి పలకరించండి. ఫోటో మాత్రం అడిగి తీయండి.

పాలకొల్లుపిల్లోడు:
ప్రయాణం సంగతి నేను చెప్తా. హైదరాబాదు నుంచి నరసాపురం ఎక్స్‌ప్రెస్ రాత్రి బండి, చివరి స్టేషన్ అదే కాబట్టి నిద్రపోయినా దాటిపోతామన్న టెన్షన్ లేదు. మా ఊరు దానికి ముందు. కార్తీక సోమవారం మా క్షీరారామంలో కాలు పెట్టడానికి చోటుండదు. పంచారామాల బస్సులన్నీ ఇక్కడే దించుతాయి. పెద్దాయనతో అయితే మంగళవారం రండి. మా గోపురం 120 అడుగులు, బయట నిలబడి చూసినా పుణ్యమే. డచ్చివాళ్ల కోఠీ మా ఊళ్లోనూ ఉండేది, నరసాపురంవాళ్లు మొత్తం తమదే అంటే ఒప్పుకోం.

అంతర్వేదికి పంటు మీద వెళ్తేనే సరదా. సఖినేటిపల్లిలో దిగి ఆటో ఎక్కాలి. రోడ్డు మీదే వెళ్లాలంటే వెనక్కి మా వైపు వచ్చి చించినాడ వంతెన దాటి తిరగాలి. వరదలప్పుడు పంటు ఆపేస్తారు, 2022 జులైలో మా మావయ్యవాళ్లు అవతల చిక్కుకున్నారు. కార్తీకంలో ఆ భయం లేదు. అయినా తిరిగొచ్చే పంటు ఎన్నింటికో దిగగానే కనుక్కోండి.

బాడిస:
అంతర్వేది వెళ్తే ఇంకొకటి చూడండి. 2020 సెప్టెంబరులో అక్కడి రథం రాత్రివేళ కాలిపోయింది, పేపర్లలో చూసే ఉంటారు. కొత్తది టేకుతో చేసి 2021 ఫిబ్రవరిలో బయటికి తీశారు. అంత ఎత్తు చెక్క పని, చక్రం ఇరుసు దగ్గర్నుంచి అతుకుల దాకా ఈ రోజుల్లో దగ్గరగా చూసే అవకాశం మన వైపు ఎక్కడా లేదు. జనం దేవుడికి దణ్ణం పెట్టి వచ్చేస్తారు, మా తాత అయితే అతుకుకి పెట్టేవాడు.

పాతకాగితాలు:
ఆ గుడికీ ఓడలకీ చుట్టరికం ఉంది. ఇప్పుడున్న ఆలయాన్ని 1823లో పూర్తిచేయించిన కొపనాతి కృష్ణమ్మ ఓడల మీద వ్యాపారం చేసినాయన. గుళ్లో ఆయన విగ్రహం ఉంటుంది. మీ నాన్నగారికి తప్పకుండా చూపించండి.

బాడిస:
ఇంకోటి, మర్చిపోయా. పాత కలప కొట్లు చూడండి. మండువా ఇళ్లు పడగొట్టినప్పుడు స్తంభాలూ గుమ్మాలూ దూలాలూ అక్కడికే చేరతాయి. అడితి వేరు, అక్కడ కొత్త చెక్క ఉంటుంది. మీక్కావాల్సింది పాతది. పెద్ద దూలం కనబడితే చివర చూడండి. కొన్నిటికి చివర్లో అడ్డంగా ఒక బొక్క ఉంటుంది, చెక్కతో పూడ్చి ఉంటారు. మాను లాగడానికీ తెప్పలో కట్టడానికీ తాడు దూర్చే బొక్క అది అనేవాడు మా తాత.

రెండోచూపు:
లేదా కొట్టంలో ఎద్దును కట్టేసిన బొక్క. లేదా చీల ఊడిన బొక్క. నా పావు వంతు అనుమానం దీని కోసమే దాచుకున్నా.

రైలుకిటికీ:
వెళ్లొచ్చామండి! పది రోజులైంది, ఇప్పటికి కుదిరింది రాయడానికి.

మొదట చేదు సంగతి. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన లాడ్జిలో కింది గది అని రాసి మూడో అంతస్తు ఇచ్చారు. లిఫ్టు "రిపేరులో ఉందండి" అన్నాడు. దాని తలుపు మీద దుమ్ము చూస్తే ఆ రిపేరుకి చాలా వయసున్నట్టుంది. నాన్న రోజుకి ఒక్కసారే దిగేవారు, దిగితే రాత్రికే ఎక్కేవారు. వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మొదటి రోజు పొద్దున్నే మాధవాయపాలెం రేవు. పంటు అంటే నేను పెద్ద పడవనుకున్నా, కార్లూ బైకులూ కొబ్బరి బస్తాలూ ఎక్కే పెద్ద పళ్లెం. ఇంజను మొదలవగానే కాళ్ల కింద రేకు వణుకుతుంది. నేను నాన్నకి "మడపొల్లం ఇదే" అని మీరు చెప్పిందంతా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. అవతలి ఒడ్డున దిగాక, "మళ్లీ వెనక్కి వెళ్లి మళ్లీ వద్దామా" అన్నారు. మూడుసార్లు దాటాం. టిక్కెట్లబ్బాయి మూడోసారి మమ్మల్ని అదోలా చూశాడు.

గోదారి అక్కడ నేననుకున్నంత పరుగు తీయడం లేదు. నీళ్లు బూడిద రంగు, పోటు మీద ఉన్నట్టుంది, గుర్రపుడెక్క గుంపులు పైకి పోతున్నాయి, సముద్రం వైపు కాదు, ఊరి వైపు. అది చూసి నాన్న "అదుగో, ఓడలు ఇలాగే వచ్చుంటాయి లోపలికి, పోటు మీద" అన్నారు. నాకు అప్పటిదాకా తెప్పలు పైనుంచి దిగడమే కళ్లకు కట్టింది, ఓడ కిందినుంచి ఎలా ఎక్కుతుందో తట్టలేదు.

రేవుకి కొంచెం అవతల ఒడ్డు మీద ఒక చెక్క పడవని బోర్లించి బాగుచేస్తున్నారు. ఒకే ఒక్క పెద్దాయన, పక్కన సాయానికి మనవడి వయసు కుర్రాడు ఫోన్ చూసుకుంటూ. పెద్దాయన పలకల సందుల్లో దూది వత్తులు పెట్టి, మొద్దు ఉలితో సుత్తి దెబ్బలు వేస్తున్నాడు. దెబ్బ దెబ్బకీ మధ్య చెవి దగ్గరగా పెడుతున్నాడు. ఎందుకని అడిగితే, వత్తి సరిగ్గా కూర్చుంటే చప్పుడు మారుతుందట. మళ్లీ కొట్టి మమ్మల్ని వినమన్నాడు. నాకు రెండూ ఒకలాగే వినిపించాయి. నాన్నకి తేడా తెలిసిందట, కారణం అడిగితే "నువ్వు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటావుగా" అన్నారు. వత్తుల మీద గుగ్గిలం నూనెలో కలిపిన ముద్ద పూస్తాడు. ఆ వాసన నా చొక్కాకి హైదరాబాదు దాకా వచ్చింది. ఫైబర్ పడవలొచ్చాక పని ఏడాదికి రెండో మూడో అన్నాడు. పడవ టేకుదా అని అడిగితే నవ్వి, "టేకా! మీరేమన్నా పెట్టుబడి పెడతారా" అన్నాడు.

రెండో రోజు అంతర్వేది. కృష్ణమ్మగారి విగ్రహం చూశాం, రథం చూశాం. బాడిస గారూ, మీ తాతగారి తరఫున అతుకుకి దణ్ణం పెట్టాను. పంటు సంగతి పాలకొల్లుపిల్లోడు చెప్పాక కూడా నేను టైము అడగలేదు, ఆఖరిది తప్పేంత పనైంది. దారి పొడుగునా సార్వా కోతలు, రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి ఉంది. ఆటో మిగతా సగంలో వెళ్లింది.

మూడో రోజు పాత కలప కొట్టు. ఆటో అతనే తీసుకెళ్లాడు. రేకుల షెడ్డు, లోపల చీకటి. గుమ్మాలు గోడకి వరసగా ఆనించి ఉన్నాయి, పసుపూ బొట్లూ అలాగే ఉన్నాయి వాటి మీద. ఒకదాని మీద పిల్లల ఎత్తు కొలిచిన గీతలు, పక్కన సున్నంతో పేర్లు. అవి చూస్తే నాకు ఓడల కంటే ఎక్కువ దిగులేసింది, ఎందుకో. దూలాలు వెనకాల పేర్చి ఉన్నాయి. నాన్న మోకాళ్ల సంగతి మర్చిపోయి వంగి ఒక్కొక్కదాని చివరా తడిమారు. ఏడో ఎనిమిదో దానికి దొరికింది. జానెడు లోపలికి, అడ్డంగా, బొటనవేలు కంటే కాస్త పెద్ద బొక్క. పూడ్చిన చెక్క సగం ఊడిపోయింది. లోపలి అంచు ఒకవైపే నున్నగా అరిగి ఉంది.

కొట్టాయన్ని అడిగితే "అదా, అది లోపమండి, దానికి తగ్గించి ఇస్తాను" అన్నాడు.

బాడిస:
ఒకవైపే అరిగిందన్నారు చూడండి, తాడు లాగిన వైపు అది. చీల అయితే అలా అరగదు.

రెండోచూపు:
ఎద్దు కూడా ఒకవైపే లాగుతుందండి. దూలం ఎంత పొడుగు? బొక్క ఒక చివరేనా, రెండు చివర్లా ఉందా? రెండు వైపులా ఉంటే నేను నోరు మూసుకుంటా.

రైలుకిటికీ:
రెండో చివర గోడలోకి ఉంది, పైన ఇంకో నాలుగు దూలాలు. జరపమని అడగడానికి మొహమాటపడ్డాం. పొడుగు నాన్న అడుగులతో పద్దెనిమిది.

పాతకాగితాలు:
వశిష్ఠగట్టు గారూ, మీరు ఊళ్లోనే ఉన్నారు కదా. ఒక్కసారి వెళ్లి ఆ రెండో చివర చూసి రండి.

వశిష్ఠగట్టు:
నిన్ననే వెళ్లానండి, మీరు చెప్పకముందే. ఆ దూలాలన్నీ మొన్న ఒక రిసార్ట్‌వాళ్లు లారీకెత్తించి పట్టుకుపోయారట. దిండి వైపు అన్నాడు. ఏ రిసార్టో అతనికి తెలీదు, నేను కనుక్కుంటా.

రెండోచూపు:
పోనీ, ఆ బొక్క ఫోటో అయినా పెట్టండి.

రైలుకిటికీ:
మూడు తీశాను. మూడింట్లోనూ నాన్న బొటనవేలు అందులో పెట్టి ఉంది.